జర ఆగన్నా

ఆ సాఫ్ట్‌వేర్ ఎవడు తయారుచేశాడోగానీ, వాడికి ఒంట్లో బాగుండక ఆసుపత్రికి పోయిన అనుభవం జన్మలో ఒక్కసారి కూడా లేదని అరుణజ్యోతికి గట్టి నమ్మకం. ఉంటే మనిషి జబ్బుని ఇలా గడులు గడులుగా కోసిపెట్టడు. 'ఎందుకొచ్చారు' అన్న గడి నొక్కితే జ్వరం, దగ్గు, ఛాతీనొప్పి, గాయం అంటూ ఓ వరస కిందికి జారుతుంది. అందులోంచి ఒకటే ఎంచుకోవాలి. జ్వరమూ దగ్గూ రెండూ ఉన్నవాడు ఏదో ఒకటి వదులుకోవాల్సిందే. వరసలో లేని బాధ అయితే 'ఇతరములు' నొక్కాలి. నొక్కితే వివరం రాయమంటుంది. రాస్తే, రెండు వాక్యాలు పూర్తికాకముందే ఎర్రగా మెరిసి, ఇక చాలంటుంది.

జూబ్లీ హిల్స్‌లో పెద్ద ప్రైవేటు ఆసుపత్రి అది. ఐసీయూలో కొన్నేళ్ళు నర్సుగా చేసి, ఆ తర్వాత, డాక్టరులా రోగిని పరీక్షించి జబ్బు తేల్చడం నేర్పే నర్స్ ప్రాక్టీషనర్ కోర్సులో చేరింది అరుణజ్యోతి. ఇప్పుడు రెండో ఏడు, ఎమర్జెన్సీలో ట్రైనింగు. తను చూసిన ప్రతి రోగి గురించీ రాయాలి: ఏం చెప్పాడు, తనేం పరీక్ష చేసింది, తన లెక్కలో అది ఏ జబ్బు, ఏం చెయ్యాలి. అదంతా కాలేజీవాళ్ళ సాఫ్ట్‌వేర్‌లో ఎక్కించాక, కింద పెద్ద డాక్టరు నాగేశ్వరిగారి సంతకం పడాలి. పడకపోతే ఆ రోగిని ఆమె చూడనట్టే. నాగేశ్వరిగారికి తీరిక దొరికేది తక్కువ. దొరికినరోజు సాఫ్ట్‌వేర్ తెరుచుకోదు.

వీటన్నిటికీ తోడు డ్యూటీ డాక్టర్ రిత్విక్ ఒకడు. కుర్రవాడు, మర్యాదస్తుడు. ఆమె రోగి పక్కన కూర్చుని అడిగి అడిగి రాసుకున్నదాన్ని అతను నాలుగు నొక్కులతో తన పేరుమీద ఉన్న పేజీలోకి ఎత్తేసుకునేవాడు. "మీరు బాగా రాస్తారు సిస్టర్, నాకు టైమ్ సేవ్ అవుతుంది" అని నవ్వుతూ చెప్పేవాడు కూడా. ఆ నవ్వు చూస్తే తిట్టబుద్ధి కాదు, తిట్టకుండా ఉంటే నిద్రపట్టదు.

ఆరోజు పొద్దున్న ఎమర్జెన్సీ గేటు ముందు స్టూడియో వ్యానొకటి ఆగింది. కాస్ట్యూముల పెట్టెల మధ్య పడుకోబెట్టి పోచయ్యని తెచ్చారు. ఫిల్మ్ నగర్‌లో ఓ సినిమా కంపెనీ ఆఫీసులో డ్రైవరతను. ఆఫీసు ముందు కారు స్టార్టు చేసి, కదిలించబోతూ స్టీరింగు మీదికి వాలిపోయాడట. కారు వాలులో దానంతటదే జారి, ఆఫీసు ప్రహరీగోడకే గుద్దుకుని ఆగింది. ఎవరికీ దెబ్బలు తగల్లేదు. కానీ మరికాసేపుంటే నిర్మాత సూర్యప్రకాశరావుగారి మనవలు స్కూలుకని ఎక్కాల్సిన కారు అది.

రిత్విక్ వచ్చి కళ్ళు చూశాడు, బీపీ చూశాడు. తిండీ నీళ్ళూ లేక ఎండకి కళ్ళు తిరిగి ఉంటాయన్నాడు. సెలైన్ పెట్టమని చెప్పి పక్క మంచానికి పోయాడు. బయట ఇంకా సరిగ్గా ఎండే రాలేదు.

అరుణజ్యోతి స్టూలు లాక్కుని కూర్చుంది. వెంట వచ్చిన ఇంకో డ్రైవరు శ్రీకాంత్‌ని ముందు అడిగింది. అతను తలుపుదగ్గరే నిలబడి, చూసింది చూసినట్టు చెప్పాడు. కుడిచెయ్యి కొట్టుకుందని, కళ్ళు పైకి పోయాయని, నోటివెంట నురగ వచ్చిందని, ప్యాంటు తడిసిందని. తర్వాత కూడా చాలాసేపు తననెవరో గుర్తుపట్టలేదని. ఆమె పోచయ్య నోరు తెరిపించి టార్చి వేసింది. నాలుక పక్కన కొరుక్కున్న గాటు, నెత్తురు ఇంకా ఆరలేదు. కళ్ళు తిరిగి పడటం కాదిది.

పోచయ్యకి మెల్లగా తెలివొచ్చింది. రావడంతోనే మాటలు మొదలుపెట్టాడు. సొంతూరు చేర్యాల దిక్కని, పట్నం వచ్చి బండ్లు నడపబట్టి జమానా అయిందని, షెడ్యూల్ నడుస్తుంటే రాత్రి లేదు పగలు లేదని, వికారాబాద్ అడవిల షూటింగుకి పోయి వచ్చుడే సరిపోతుందని, నడుము పట్టేస్తుందని, ఆఫీసుల గోళీలు ఇస్తే ఏసుకుంటున్ననని... ఆమె వేళ్ళు కీబోర్డు మీద ఎదురుచూస్తున్నాయి. ముందు ఇలా ఎప్పుడైనా జరిగిందా, ఇంట్లో ఎవరికైనా మూర్ఛ ఉందా, తలకి దెబ్బ తగిలిందా, తాగుతాడా. ఆమెకి కావాల్సినవి ఇవి. స్క్రీను మూలన గడి ఒకటి ఎర్రగా మెరుస్తోంది.

"జర ఆగన్నా. నేను అడిగినదానికే చెప్పు" అంది.

పోచయ్య ఆగిపోయాడు. అడిగినవాటికి లేదు, లేదు, లేదు, పండుగకి కొంచెం అని జవాబులు చెప్పాడు. మందుల గడి దగ్గర ఆమె 'నొప్పి మాత్రలు, అప్పుడప్పుడు' అన్నది నొక్కి కిందికి దిగింది.

తర్వాత రిత్విక్‌తో పేచీ వచ్చింది. ఆమె రాసింది తన నోట్‌తో కలవడంలేదని, మార్చమని అతను అన్నాడు. ఇది ఫిట్స్ అని ఆమె అంది. ఫ్యాన్ కింద పెడితే లేచి కూర్చునే కేసుకి స్కానింగులు రాయిస్తే బిల్లు ఎవరు కడతారని అడిగాడతను. కంపెనీ కడుతుందని శ్రీకాంత్ తలుపు దగ్గర్నుంచే అన్నాడు. రిత్విక్ గొంతు తగ్గించి, "సిస్టర్, మీ సబ్మిషన్ కోసం ప్రతి కేసునీ థీసిస్ చెయ్యకండి" అన్నాడు. ఆమె నోటు మార్చలేదు.

నాగేశ్వరిగారు రౌండ్సుకి వచ్చినప్పుడు రెండు నోట్లూ పక్కపక్కనే తెరిచి ఉన్నాయి. ఆవిడ కళ్ళజోడు నుదుటి మీదినుంచి కిందికి దించి రెండూ చదివింది. పోచయ్య నాలుక చూసింది. శ్రీకాంత్‌ని పిలిచి చెయ్యి ఎలా కొట్టుకుందో చేసి చూపించమంది. తర్వాత రిత్విక్ వైపు తిరిగి, "చూసినవాణ్ణి కూర్చోబెట్టి అడిగితే వచ్చే డయాగ్నసిస్ ఇది. అమ్మాయి అడిగింది, నువ్వు అడగలేదు" అంది.

స్కానులో ఏమీ లేదు. కాగితం మీద మూర్ఛవ్యాధి అని పడింది. రోజూ వేసుకోవాల్సిన మాత్రలు రాశారు, డ్రైవింగు చెయ్యకూడదని చెప్పి ఇంటికి పంపారు. ఆ సాయంత్రమే అరుణజ్యోతి నోటు కింద సంతకం కూడా పడింది. హాస్టల్ మెట్లెక్కుతూ ఆమె తనకు తెలియకుండానే కూనిరాగం తీసింది.

*

మర్నాడు ఎమర్జెన్సీ తలుపు బయట ఒకామె నిలబడి, లోపలికీ బయటికీ తిరిగే ప్రతి నర్సు మొహమూ పరీక్షగా చూస్తోంది. సెక్యూరిటీవాడు రెండుసార్లు పక్కకి జరిపాడు. రెండుసార్లూ ఆమె మళ్ళీ అక్కడికే వచ్చింది. అరుణజ్యోతి ఎదురుపడగానే కోటు మీది పేరు వేలితో చూపించి, నువ్వేనా అని అడిగింది. పోచయ్య భార్య రాజమ్మనని చెప్పింది.

"మా ఆయనకు ఫిట్లరోగం అని రాసింది నువ్వేనంట గద."

అరుణజ్యోతి ఆమెని పక్కన బెంచీ దగ్గరికి తీసుకుపోయింది. రాజమ్మ కూర్చోలేదు. నిలబడే చెప్పింది. ఆసుపత్రి కాగితాలు ఇంటికి రాకముందే ఆఫీసుకి పోయాయి. పొద్దున్న పోచయ్య డ్యూటీకి పోతే కారు తాళాలు ఇవ్వలేదు. పిల్లలెక్కే బండి, నీ చేతిలో ఎట్ల పెడతామన్నారు. అదొక్కటైతే వేరే ఏదన్నా పని చూసుకోవచ్చు. కానీ మధ్యాహ్నానికల్లా ఫిల్మ్ నగర్‌లో డ్రైవర్లందరికీ, ఆఫీసులన్నిటికీ తెలిసిపోయింది. ఇప్పుడు గేటు దగ్గర వాచ్‌మన్ పని అడిగినా, రాత్రిపూట పడిపోతే ఎవరు చూస్తారంటున్నారట.

"రాసేటప్పుడు మాకు ఒక్క మాట చెప్తే ఏమాయె?" అంది రాజమ్మ. కోపం కూడా అలసిపోయిన గొంతు.

అరుణజ్యోతి రాసింది అబద్ధం కాదు. ఆ కారులో పిల్లలుంటే ఏమయ్యేదో తలుచుకుంటే రాయకుండా ఉండగలిగేదీ కాదు. కానీ ఆ కాగితం ఆఫీసుకి ఎందుకు పోయింది? రాజమ్మని అక్కడే ఉండమని, పైఅంతస్తులో పేషెంట్ రిలేషన్స్ చూసే సాయిశ్రీనివాస్ దగ్గరికి పోయింది. బిల్లు కట్టినవాళ్ళు ఫైలు అడుగుతారు, ఇస్తాం, ఎప్పుడూ జరిగేదే అన్నాడతను. రోగిని అడిగారా అంది. అడ్మిషన్ ఫారం మీద వేలిముద్ర ఉందన్నాడు. చదివి వినిపించారా అంది. సాయిశ్రీనివాస్ ఓపికగా నవ్వాడు. ఆ కంపెనీ యూనిట్ అంతటికీ హెల్త్ చెకప్‌లు ఇక్కడేనని, ఇలాంటి చిన్న విషయాలు పెద్దవి చేసుకుంటే స్టూడెంట్స్‌కే ఇబ్బందని మెత్తగా చెప్పాడు. ఆ మెత్తదనం ఆమెకి ఒళ్ళంతా కారం రాసినట్టు అనిపించింది. లిఫ్టు కోసం ఆగకుండా మెట్లమీదుగా దిగింది. ఈ ఆసుపత్రిలో ఎవరికీ రోగి పట్టడు, అందరికీ కాగితమే కావాలి అనుకుంటూ దిగింది.

రాజమ్మ కొంగుముడి విప్పి చిన్న పాలిథిన్ కవరు తీసి పట్టుకుని ఉంది. అడగాలా వద్దా అన్నట్టు చూసి, చివరికి అడిగింది. "ఆయనవి పాత గోళీలున్నయి. ఆసుపత్రోళ్ళు ఇచ్చిన కొత్తగోళీలతోటి ఇవి గూడ ఏస్తే ఏం గాదు గద?"

కవర్లోంచి స్ట్రిప్పు బయటికి తీసి, వెనక రేకు మీద అక్షరాలు వెలుతురుకి పెట్టి చదివింది అరుణజ్యోతి. ట్రమడాల్. సగానికి పైగా ఖాళీ.

మామూలు నొప్పిమాత్ర కాదది. డాక్టరు చీటీ లేకుండా ఇవ్వకూడనిది. ఎక్కువైతే ఏ రోగమూ లేనివాడికి కూడా ఫిట్స్ తెప్పిస్తుంది. నిద్రలేనివాడికైతే మరీను.

"ఎన్ని ఏస్కుంటడక్కా ఇవి?"

"లెక్కేముంది బిడ్డా. లాంగు డ్యూటీ పడితే నడుం నొయ్యకుంట ఏస్తడు, తొవ్వల నిద్ర రాకుంట ఇంకోటి ఏస్తడు. ఆఫీసుల మేనేజర్ సారు డబ్బాల పెడతడంట. ఎవరికి గావాల్నంటే వాళ్ళు తీస్కుంటరు. నిన్న నీకు చెప్పిన్నన్నడు గద?"

చెప్పాడు. నడుము పట్టేస్తుందన్నాడు. ఆఫీసుల గోళీలు అన్నాడు. ఆ మాట ఆమె చెవిన పడింది కూడా. ఏ గోళీ అని అడిగితే అయిపోయేది. అడగలేదు సరికదా, నోరు మూయించింది. రిత్విక్ కళ్ళు తిరిగాయని రాసినందుకు నిన్నంతా ఎంత ఎగిరింది. సాయిశ్రీనివాస్‌ని ఇప్పుడే మనసులో ఎన్ని మాటలంది. ఆ మనిషికి వాళ్ళిద్దరూ కలిసి చేసిన నష్టం కన్నా తన ఒక్క నొక్కు చేసిందే ఎక్కువేమో. అరుణజ్యోతి స్ట్రిప్పు చేతిలో పెట్టుకుని, రాజమ్మ పక్కన బెంచీ మీద తనే ముందు కూర్చుంది.

*

సంతకం పడ్డ నోటు ఇక తెరుచుకోదు. ఒక్క అక్షరం కూడా కదలదు. దానికింద ఇంకో నోటు చేర్చాలంటే పెద్ద డాక్టరు ఒప్పుకోవాలి. ఎందుకు చేరుస్తున్నారో కారణం రాయాలి. అది కూడా ఓ వరస: 'టైపింగ్ పొరపాటు', 'కొత్త రిపోర్టు', 'ఇతరములు'.

నాగేశ్వరిగారు క్యాంటీన్‌లో ఇడ్లీ తింటూండగా పోయి స్ట్రిప్పు బల్లమీద పెట్టింది. జరిగింది చెప్పింది. ఆవిడ ప్లేటు పక్కకి జరిపి స్ట్రిప్పు తిప్పి చూసింది.

"మొదటే ఏం మాత్రని అడగలేదా?"

"లేదు మేడమ్. అతను చెబుతుంటే ఆపేశాను."

నాగేశ్వరిగారు వెంటనే తిట్టలేదు. తిడితే బాగుండుననిపించింది అరుణజ్యోతికి. ఆవిడ చెయ్యి కడుక్కుని వచ్చి, న్యాప్‌కిన్‌తో వేళ్ళు ఒక్కొక్కటే తుడుచుకుంటూ, "నువ్వు అడగలేదు. నీది చదివి మెచ్చుకుని నేనూ అడగలేదు. సంతకం నాది" అంది. ఆ తర్వాత విసుగ్గా, "నిలబడ్డావేం? అతన్ని రేపు తీసుకురమ్మను. కారణం దగ్గర ఇతరములు నొక్కు. ఏం రాస్తావో నాకు ముందు చూపించు" అంది.

పోచయ్య మర్నాడు ఉతికిన చొక్కా వేసుకుని వచ్చాడు. మొదటిరోజు మనిషిలా లేడు. అడిగినదానికి అవును, కాదు అనడమే తప్ప మాట పెంచట్లేదు. రాజమ్మ మోచేత్తో పొడిచినా పెదవి విప్పలేదు. అరుణజ్యోతి కీబోర్డు పక్కకి నెట్టి, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"తప్పు నాదన్నా. ఆనాడు నువ్వు చెప్పుకొస్తుంటే నేనే ఇనలే. ఇయ్యాల ఆపను, మొదలుకెంచి చెప్పు."

అతను ఆమెని కాసేపు అనుమానంగా చూశాడు. తర్వాత మెల్లగా మొదలుపెట్టాడు. అంతా చెప్పేసరికి చాలాసేపు పట్టింది. మధ్యలో ఎవరో హీరోయిన్ సామాను కథ వచ్చింది, ఘాటు రోడ్డు మీద పంక్చరు కథ వచ్చింది. వాటి మధ్యనుంచే తేలింది, అతను పడిపోయేముందు వరసగా కొన్ని రాత్రులు నిద్రే లేదని, ఆ పొద్దున్న టీతో పాటు మూడు గోళీలు మింగాడని. మొదట నొప్పికే వేసుకునేవాడు. ఇప్పుడు వెయ్యకపోతే చేతులు వణుకుతున్నాయి, ఒళ్ళు గుంజుతోంది. ఆ మాట చెప్పేటప్పుడు భార్య వైపు చూడలేదు.

నాగేశ్వరిగారు మళ్ళీ పరీక్ష చేసింది, తలకి తీగలు పెట్టి తీసే పరీక్ష కూడా చేయించింది. అది బాగానే వచ్చింది. గోళీలవల్లా, నిద్రలేమివల్లా వచ్చిన ఫిట్స్ ఇది, ఇంతమాత్రానికి మూర్ఛరోగి అనక్కర్లేదు అంది. కొత్తగా రాసిన మాత్రలు తీసేసింది. పాత గోళీలు ఒక్కసారిగా మానకూడదని, తను చెప్పినట్టు తగ్గించుకుంటూ రావాలని, దానికి వారంవారం రావాలని చెప్పింది. కొన్ని నెలలపాటు స్టీరింగు మాత్రం ముట్టుకోకూడదని గట్టిగా అంది.

"అవి అయినంక నడపొచ్చా మేడమ్?" అన్నాడు పోచయ్య.

"మళ్ళీ రాకపోతే, గోళీలు మానితే, అప్పుడు చూసి నేనే రాసిస్తాను."

అరుణజ్యోతి రాసిన కొత్త నోటు సాయిశ్రీనివాస్ దాకా ఎలా పోయిందో తెలీదుగానీ, సాయంత్రానికి అతనే కిందికి దిగివచ్చాడు. ఒకే ఒక్క మాట తీసేయమన్నాడు. గోళీలు 'ఆఫీసులో ఇచ్చారు' అని కాకుండా, 'రోగి సొంతంగా వాడాడు' అంటే సరిపోతుందన్నాడు. అర్థం మారదు కదా అన్నాడు. నాగేశ్వరిగారు అప్పుడు ఇంకెవరి ఎక్స్‌రేనో వెలుతురుకి పట్టి చూస్తోంది. అటే చూస్తూ, "పేషెంట్ అన్న మాట అన్నట్టు రాసింది. నీకు అభ్యంతరమైతే నువ్వు కూడా కింద ఒక నోటు రాయి, నీ పేరు పెట్టి" అంది. సాయిశ్రీనివాస్ పైకి వెళ్ళిపోయాడు.

ఇంత గెలిచినా అరుణజ్యోతికి సంతోషం రాలేదు. కాగితం చేతిలో పెట్టినప్పుడు పోచయ్య దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "గిది మొదలే రాస్తే అయిపోతుండె గద" అన్నాడు. ఎత్తిపొడుపు కాదు. నిజంగానే అర్థం కాక అడిగాడు. ఆమె తలూపింది. ఆఫీసువాళ్ళు ఇంగ్లీషు కాగితం చదివి అర్థం చేసుకుంటారా, తననే మళ్ళీ పిచ్చోణ్ణి చేస్తారా అని అతనికి భయం. ఎవరైనా వచ్చి నోటితో చెబితే బాగుండునన్నాడు. రేపు తనకి సెలవు, వస్తానంది అరుణజ్యోతి.

*

ఫిల్మ్ నగర్‌లో ఆ ఆఫీసు వాలు మీద ఉంది. ముందు గోడకి రాబోయే సినిమా పోస్టరు, దాని అంచు పక్కన కారు గుద్దిన చోట పెచ్చులూడి ఇటుక కనిపిస్తోంది. కార్లు వరసగా ఆపి ఉన్నాయి. డ్రైవర్లు కానుగచెట్టు కింద అరుగు మీద కూర్చుని ఫోన్లు చూసుకుంటున్నారు. పోచయ్యని చూసి శ్రీకాంత్ లేచి నిలబడ్డాడు. మిగిలినవాళ్ళు తలెత్తి చూసి మళ్ళీ దించుకున్నారు.

మేనేజరు రవిచంద్ర వాళ్ళని లోపల కూర్చోబెట్టి మంచినీళ్ళు తెప్పించాడు. కృష్ణాజిల్లా యాస, గౌరవంగానే మాట్లాడాడు. అరుణజ్యోతి చెప్పిందంతా విన్నాడు. కాగితం మొదటి పేజీ చదివాడు, రెండోది తిప్పాడు, 'ఆఫీసులో ఇచ్చారు' అన్న దగ్గర వేలు ఆగింది.

"చూడండమ్మా, నైట్ షెడ్యూళ్ళలో కుర్రాళ్ళు నడుం నొప్పులని గోల పెడుతుంటే మెడికల్ షాపులో అడిగి తెప్పించి పెట్టామండీ. సాయం చేద్దామనే కదా. ఇదిలా ఎక్కిస్తారనుకోలేదు."

అతని మొహంలో కపటం కనిపించలేదు. అదే ఆమెని మరీ చిరాకు పెట్టింది. తిట్టడానికి ఒక దుర్మార్గుడన్నా దొరకడు ఎక్కడా. మాత్రలు ఇచ్చినందుకన్నా, అన్నేసి రాత్రులు నిద్ర లేకుండా తిప్పినందుకు పోచయ్య పడిపోయాడని ఆమె చెప్పింది. ఆ విషయం ప్రొడ్యూసర్ సార్‌తో మాట్లాడతానన్నాడు రవిచంద్ర. డ్రైవింగు సంగతి తర్వాత చూద్దామని, అందాకా కాస్ట్యూమ్ గోడౌన్‌లో ఉండమని పోచయ్యతో అన్నాడు. జీతం గురించి ఏమీ అనలేదు. పోచయ్య సరే సార్ అన్నాడు. రాజమ్మ మాత్రం కుర్చీలోంచి లేవకుండా, "అందరికీ మా ఆయనకు ఫిట్లరోగమని చెప్పిండ్రు గద సార్. కాదని గూడ మీరే చెప్పాలె" అంది. రవిచంద్ర అటూ ఇటూ చూసి, చెబుతానన్నాడు. రాజమ్మ లేవలేదు. ఇప్పుడే చెప్పమంది.

అతను బయటికి వచ్చి, మెట్టు మీద నిలబడి, పోచయ్యకి రోగమేమీ లేదట, ఆ నడుం నొప్పి గోళీలు పడక అలా అయిందట, ఇక అవి ఎవరూ వాడొద్దు అని గబగబా చెప్పి లోపలికి పోయాడు.

చెట్టుకింద ఒకతను ఫోను జేబులో పెట్టుకున్నాడు. ఇంకొకతను పోచయ్యకి అరుగు మీద చోటిచ్చాడు. అరుణజ్యోతి అందరికీ వస్తానని చెప్పి, ఆటో కోసం రోడ్డు వైపు నడిచింది. వెనకనుంచి శ్రీకాంత్ పరుగులాంటి నడకతో వచ్చి ఆపాడు. చుట్టూ చూసి, చొక్కా జేబులోంచి ఒక స్ట్రిప్పు తీసి అరచేతిలో పెట్టి చూపించాడు.

"గివేనా సిస్టర్?"

అదే పేరు. అదే రేకు. ఆమె తలూపింది. శ్రీకాంత్ భుజం మీదినుంచి చూస్తే, చెట్టు కింద మిగిలినవాళ్ళు కూడా జేబులు తడుముకుంటున్నారు. ఒకడు ఇగ్నిషన్ తాళాల గుత్తితోపాటు ఓ స్ట్రిప్పు బయటికి లాగాడు. ఇంకొకతను లేచి కారు తలుపు తెరిచి, ముందు డబ్బాలోంచి రెండు స్ట్రిప్పులు తెచ్చాడు. తల నెరిసిన పెద్దమనిషి ఒకాయన తన స్ట్రిప్పుని గుప్పిట్లోనే దాచుకుని, ఆమె వైపు, గేటు వైపు మార్చి మార్చి చూస్తున్నాడు.

ఆటో వచ్చి ఆగింది. ఎక్కడికని అడిగాడు ఆటోవాడు. పొమ్మని చెయ్యి ఊపి, అరుణజ్యోతి వెనక్కి నడిచింది. ఆమె చేతిలో కాగితం లేదు, కలం లేదు. ఇదంతా ఎక్కడ ఎక్కించాలో, ఎవరి సంతకం పడాలో కూడా తెలీదు. అరుగు చివర, ఆ తల నెరిసిన మనిషి పక్కన కూర్చుంది.

"మొదలుకెంచి చెప్పు బాబాయ్" అంది.